పిచ్చికుక్క కాటుకు మందు చూపిన లూయీ పాశ్చర్

ఏటా జులై 6వ తేదీన పశువుల ఆసుపత్రులలో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. ఆ తేదీనే ఎందుకు పెట్టుకున్నారో చాలామందికి తెలియదు. 1885వ సంవత్సరంలో సరిగ్గా అదే రోజున ఫ్రాన్సు రాజధాని పారిస్‌లో తొమ్మిదేళ్ళ పిల్లవాడికి పొట్ట పక్కన ఒక సూది వేశారు. ఆ పిల్లవాణ్ణి రెండు రోజుల ముందే పిచ్చికుక్క పద్నాలుగు చోట్ల కరిచింది. పిల్లవాడు బతికాడు. పిచ్చికుక్క కరిచినంత మాత్రాన చావు తప్పదనే మాట ఆ సూదితో అబద్ధమయింది.

ఆ మందు తయారుచేసిన లూయీ పాశ్చర్ వైద్యం చదివినవాడు కాదు. పశువైద్యమూ చదవలేదు. రసాయన శాస్త్రం చెప్పే పంతులు. కాని పట్టుపురుగులు, కోళ్ళు, గొర్రెలు, పందులు, కుక్కలు, వాటి జబ్బుల వెంటే తిరిగి చివరికి మనిషి ప్రాణం కాపాడే మందు దగ్గరకు చేరాడు.

కొలిమి దగ్గర చూసిన కాటు వైద్యం

పాశ్చర్ 1822 డిసెంబరు 27న తూర్పు ఫ్రాన్సులోని డోల్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి అంతకు ముందు నెపోలియన్ సైన్యంలో పనిచేశాడు. సైన్యం విడిచి వచ్చాక తోళ్ళు పదును చేసే వృత్తి చేసుకుంటూ సంసారం నడిపాడు. ఆ కుటుంబం తరువాత ఆర్బువా అనే ఊరు చేరింది. పాశ్చర్ పెరిగింది అక్కడే. చదువులో మొదట ఏమంత గొప్పవాడు కాదు. బొమ్మలు మాత్రం బాగా గీసేవాడు. తల్లిదండ్రులవి, ఊళ్ళోవాళ్ళవి ఆయన గీసిన బొమ్మలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి.

1831లో ఆయనకు ఇంకా తొమ్మిదేళ్ళు నిండలేదు. ఆ చుట్టుపక్కల పల్లెల మీద పిచ్చి పట్టిన తోడేలు పడి చాలామందిని కరిచింది. వాళ్ళ ఇంటికి దగ్గరలోని కమ్మరి కొలిమికి కాటు తిన్నవాళ్ళను తీసుకువచ్చి, ఎర్రగా కాల్చిన ఇనుముతో గాయాలు కాల్చారు. అప్పటికి తెలిసిన వైద్యం అదొక్కటే. వాళ్ళలో కొందరు తరువాత పిచ్చి లక్షణాలు వచ్చి చనిపోయారు. ఆ కేకలు పాశ్చర్‌కు జీవితాంతం గుర్తుండిపోయాయని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు.

పాలు కాచడం వెనక ఉన్న సంగతి

పాశ్చర్ పారిస్‌లోని పెద్ద ఉపాధ్యాయ కళాశాలలో రసాయన శాస్త్రం చదివాడు. 1849లో మరీ లోరాన్ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఇల్లు చూసుకుంటూనే ఆయన చెప్పింది రాసిపెట్టేది, ప్రయోగాలలోనూ తోడుండేది. వారికి అయిదుగురు పిల్లలు పుట్టారు. ముగ్గురు ఆడపిల్లలు చిన్నతనంలోనే పోయారు. వారిలో ఇద్దరిని తీసుకుపోయింది టైఫాయిడ్ జ్వరం. మందు లేని జబ్బు ఇంట్లోకి వస్తే తల్లిదండ్రులు పడే బాధ ఆయన పుస్తకాలలో చదివి తెలుసుకున్నది కాదు.

1854లో ఆయన లీల్ నగరానికి ఆచార్యుడుగా వెళ్ళాడు. అక్కడ సారా బట్టీల యజమానులు తమ సరుకు పులిసి పాడవుతున్నదని ఆయన దగ్గరకు వచ్చారు. పాశ్చర్ ఆ ద్రవాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. పులియడం దానంతట అది జరగదనీ, కంటికి కనబడని జీవులు చేసే పని అనీ తేల్చాడు. మంచి జీవులుంటే సరుకు బాగా వస్తుంది, వేరే జీవులు చేరితే చెడుతుంది. మన ఇళ్ళలో పాలు తోడుకోవడమూ, విరిగిపోవడమూ ఇలాంటివే.

ద్రాక్ష సారాను మరగనివ్వకుండా కొంత వేడి చేసి చల్లారిస్తే చెరుపు చేసే జీవులు చచ్చిపోతాయని 1860ల్లో ఆయన చూపించాడు. ఈ పద్ధతిని తరువాత పాలకు వాడారు. ఇవాళ డెయిరీలో ప్యాకెట్ మీద పాశ్చరైజ్డ్ అని ఉండే మాట ఆయన పేరు నుంచి వచ్చిందే.

పట్టుపురుగులు, పక్షవాతం

1865లో ఫ్రాన్సు దక్షిణ జిల్లాలలో పట్టుపురుగులకు పెబ్రిన్ అనే జబ్బు తగిలి, రైతులు దివాలా తీస్తున్నారు. ప్రభుత్వం పాశ్చర్‌ను అక్కడికి పంపింది. అప్పటికి ఆయన పట్టుపురుగును చేత్తో ముట్టి ఎరుగడు. అయినా వెళ్ళి, కొన్నేళ్ళ పాటు ఆ పనిలోనే ఉన్నాడు. జబ్బు తల్లి చిలక నుంచి గుడ్లకు వస్తున్నదని తెలుసుకున్నాడు. గుడ్లు పెట్టిన తల్లి చిలకను నూరి సూక్ష్మదర్శినిలో చూడాలి. జబ్బు గింజలు కనిపిస్తే ఆ గుడ్లను తగలబెట్టాలి, లేకపోతే విత్తనానికి ఉంచుకోవాలి. ఇది ఆయన చెప్పిన పద్ధతి. హిందూపురం, మడకశిర ప్రాంతాలలో పట్టు రైతులకు ఇచ్చే గుడ్లను విత్తన కేంద్రాలలో నేటికీ ఈ పరీక్ష చేసే ఇస్తారు.

ఈ పని నడుస్తుండగానే 1868 అక్టోబరులో ఆయనకు పక్షవాతం వచ్చింది. అప్పటికి 45 ఏళ్ళు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు దెబ్బ తిన్నాయి. బతకడనుకున్నారు. కోలుకున్నాడు కాని ఆ చెయ్యి, కాలు మళ్ళీ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. తరువాత చేసిన కోళ్ళ పని, గొర్రెల పని, కుక్కల పని అంతా కుంటుతూ, ఒంటి చేత్తో చేసినదే. చేతి పని అవసరమయినచోట శిష్యులు చేసేవారు.

పాతబడిన మందు నేర్పిన పాఠం

తూలూజ్ పశువైద్య పాఠశాలలో తూసేన్ అనే ఆచార్యుడు ఉండేవాడు. కోళ్ళ కలరా క్రిములను ఆయన పాశ్చర్‌కు పంపాడు. ఆ క్రిములను పెంచి కోడికి ఎక్కిస్తే కోడి చచ్చిపోయేది. 1879, 1880 సంవత్సరాలలో చేసిన ప్రయోగాలలో ఒక వింత బయటపడింది. చాలాకాలం నిలవ ఉంచిన క్రిములు ఎక్కిస్తే కోళ్ళు కాస్త నలతపడి లేచాయి. అవే కోళ్ళకు తరువాత తాజా క్రిములు ఎక్కించినా చావలేదు. నిలవవల్ల క్రిమి బలహీనపడింది. బలహీనమైన క్రిమితో ఒకసారి తలపడిన శరీరం బలమైన క్రిమిని ఎదుర్కోవడం నేర్చుకున్నది.

అంతకు ముందు ఎనభై ఏళ్ళ నాడే ఇంగ్లండులో జెన్నర్ ఆవుల మశూచితో మనుషుల మశూచిని ఆపాడు. కాని అది ప్రకృతి ఇచ్చిన మందు. ప్రయోగశాలలోనే క్రిమిని బలహీనపరచి మందు తయారుచేసుకోవచ్చునని పాశ్చర్ చూపాడు. జెన్నర్ మీద గౌరవంతో అలాంటి మందులన్నిటికీ వ్యాక్సిన్ అనే పేరే ఉంచాడు. ఆ మాటకు మూలం ఆవు.

గొర్రెల దొడ్డిలో పరీక్ష

ఆ రోజుల్లో ఫ్రాన్సు రైతులకు పెద్ద శత్రువు దొమ్మరోగం. దీన్నే ఆంత్రాక్స్ అంటారు. నిన్న మేసిన గొర్రె ఇవాళ పొద్దుటికి చచ్చి పడి ఉండేది. ఆ జబ్బుకు కారణమైన క్రిమి ఏదో జర్మనీలో కాఖ్ అనే వైద్యుడు 1876లో తేల్చాడు. అయితే ఏళ్ళ తరబడి జబ్బు లేని పొలంలో మళ్ళీ అది ఎక్కడి నుంచి వస్తున్నదన్నది రైతులకు అంతుపట్టలేదు. కొన్ని పొలాలకు శాపం ఉందనుకునేవారు.

పాశ్చర్ ఆ పొలాలకు వెళ్ళి చూశాడు. జబ్బుతో చచ్చిన గొర్రెలను పూడ్చినచోట వానపాములు మట్టి పైకి తోడుతున్నాయి. ఆ మట్టితోపాటు క్రిమి గింజలు పైకి వచ్చి గడ్డికి అంటుకుంటున్నాయి. దొమ్మతో చచ్చిన పశువును మేత బీళ్ళలో పూడ్చవద్దని ఆయన రైతులకు చెప్పాడు. ఇవాళ మన పశువైద్యులు కూడా దొమ్మ అనుమానం ఉన్న పశువును కోయవద్దనీ, చర్మం ఒలవవద్దనీ, ఊరికి దూరంగా లోతుగా సున్నం వేసి పూడ్చాలనీ లేదా కాల్చాలనీ చెప్పేది ఈ కారణం చేతనే.

దొమ్మకు టీకా ఉందని పాశ్చర్ అనగానే చాలామంది నమ్మలేదు. రొసిన్యోల్ అనే పశువైద్యుడు తన సొంత పొలంలో, జనం ఎదుట పరీక్ష పెట్టాడు. పారిస్‌కు దగ్గరలోని పూయీ ల ఫోర్ అనే పల్లెలో 1881 మే 5న పని మొదలయింది. 24 గొర్రెలకు, ఒక మేకకు, 6 పశువులకు టీకా వేశారు. మరో 24 గొర్రెలను, ఒక మేకను, 4 పశువులను టీకా లేకుండా విడిగా ఉంచారు. మే 17న రెండోసారి టీకా వేశారు. మే 31న అన్నిటికీ ప్రాణం తీసే దొమ్మ క్రిములు ఎక్కించారు. జూన్ 2న రైతులు, పశువైద్యులు, పత్రికలవాళ్ళు గుంపులుగా వచ్చి చూశారు. టీకా వేసిన గొర్రెలన్నీ నిలబడి మేస్తున్నాయి. టీకా వేయని గొర్రెలలో ఎక్కువ భాగం అప్పటికే చచ్చి వరుసగా పడి ఉన్నాయి. మిగిలినవి సాయంత్రానికి పోయాయి. టీకా లేని ఆవులు చావలేదు కాని వాపులతో బాధపడ్డాయి.

తరువాతి పన్నెండేళ్ళలో ఒక్క ఫ్రాన్సులోనే 30 లక్షలకు పైగా గొర్రెలకు ఈ టీకా వేశారు. నూటికి పది గొర్రెలు పోయే మందలలో ఒకటి మాత్రమే పోవడం మొదలయింది.

ఇక్కడ ఆయన చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ రోజు వాడిన టీకా ఆయన జనానికి చెప్పిన పద్ధతిలో తయారైనది కాదు. శిష్యుడు షాంబెర్లాన్ మందు కలిపి బలహీనపరచిన క్రిమిని వాడారు. అలా మందుతో బలహీనపరచే దారి ముందుగా తొక్కినవాడు పశువైద్యుడు తూసేన్. ఆయనకు దక్కవలసిన పేరు దక్కలేదు. పాశ్చర్ సొంత నోటు పుస్తకాలు 1971 తరువాత పరిశోధకుల చేతికి అందినప్పుడు ఈ సంగతి వివరంగా బయటపడింది.

కుక్కల మధ్య అయిదేళ్ళు

1880 చివరలో బూరెల్ అనే పశువైద్యుడు పిచ్చి పట్టిన రెండు కుక్కలను పాశ్చర్ ప్రయోగశాలకు పంపాడు. అంతకు ముందే లియోన్ పశువైద్య పాఠశాల ఆచార్యుడు గాల్త్యే ఈ జబ్బును కుందేళ్ళకు ఎక్కించవచ్చునని 1879లో చూపాడు. పిచ్చికుక్కల వెంట పరుగెత్తకుండా గదిలో కూర్చుని ప్రయోగం చేసే వీలు దానివల్లనే కలిగింది. కుక్క పిచ్చికి మందు కనిపెట్టిన ఘనతలో పశువైద్యుల వాటా చిన్నది కాదు.

ఈ జబ్బు క్రిమి ఆనాటి సూక్ష్మదర్శినికి దొరకలేదు. అది వైరస్, అంటే మామూలు క్రిములకన్నా ఎంతో చిన్నది. కనబడని శత్రువుతో పాశ్చర్ పోరాడవలసి వచ్చింది. జబ్బు ఉండేది మెదడులో, వెన్నుపాములో అని గ్రహించి, శిష్యుడు ఎమిల్ రూ సాయంతో జబ్బు కుక్క మెదడు పదార్థాన్ని ఆరోగ్యంగా ఉన్న జంతువు మెదడు మీదకు నేరుగా ఎక్కించే పద్ధతి పట్టాడు. ఒక కుందేలు నుంచి మరో కుందేలుకు అలా ఎక్కిస్తూ పోగా, జబ్బు బయటపడటానికి సరిగ్గా ఏడు రోజులు పట్టే స్థితికి వచ్చింది. చచ్చిన కుందేలు వెన్నుపామును తీసి గాజు సీసాలో పొడి గాలికి వేలాడదీశారు. రోజులు గడిచేకొద్దీ అందులోని విషం తగ్గింది. పద్నాలుగు రోజులకు దాదాపు పోయింది.

బాగా ఎండినది మొదట, కాస్త తక్కువ ఎండినది తరువాత, చివరికి తాజాది. ఈ వరుసలో ఎక్కిస్తే కుక్కలకు పిచ్చి రాలేదు. 1884లో ప్రభుత్వం వేసిన సంఘం ఆ కుక్కలను పరీక్షించి నిజమేనన్నది. అప్పటికీ మనిషికి వేయడానికి పాశ్చర్ వెనకాడుతూనే ఉన్నాడు. 1885 మే, జూన్ నెలలలో, జబ్బు వచ్చిందనుకున్న ఇద్దరికి మాత్రం పెద్దగా ఎవరికీ తెలియకుండా ఈ మందు వేశారు. వారిలో ఒక బాలిక చనిపోయింది.

జులై 6

1885 జులై 4న ఆల్సాస్ ప్రాంతంలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడు దారిలో పోతుండగా కుక్క మీదపడింది. పిల్లవాడు చేతులతో ముఖం కప్పుకున్నాడు. కాళ్ళమీద, తొడలమీద, చేతిమీద పద్నాలుగు గాయాలు. దగ్గరలోని వైద్యుడు గాయాలను మందుతో కాల్చాడు. కుక్కను చంపి కోసి చూస్తే కడుపులో గడ్డి, కర్రముక్కలు ఉన్నాయి. తినకూడనివి తినడం పిచ్చి లక్షణమని ఆనాటి పశువైద్యులు లెక్క. తల్లి పిల్లవాణ్ణి తీసుకుని జులై 6న పారిస్ వచ్చింది. కుక్క యజమాని కూడా వెంట వచ్చాడు.

పాశ్చర్‌కు సూది వేసే హక్కు లేదు. వుల్పియాన్, గ్రాంషే అనే ఇద్దరు వైద్యులను పిలిచి చూపించాడు. మందు వేయకపోతే పిల్లవాడు బతకడం కష్టమని ఇద్దరూ అన్నారు. ఆ సాయంత్రమే గ్రాంషే మొదటి సూది వేశాడు. పది రోజుల్లో 13 సూదులు. రోజు రోజుకూ మందు బలం పెరుగుతుంటే పాశ్చర్‌కు నిద్ర పట్టేది కాదు. చివరి సూదిలో ఉన్నది కుందేలుకు ఏడు రోజుల్లో జబ్బు తెప్పించగల విషం. పిల్లవాడు మాత్రం ఆడుకుంటూనే ఉన్నాడు. ఆరోగ్యంగా ఇల్లు చేరాడు. పెద్దయ్యాక పాశ్చర్ సంస్థలోనే కాపలా ఉద్యోగం చేసి 1940లో చనిపోయాడు.

అదే ఏడు అక్టోబరులో పాశ్చర్ సొంత జిల్లా నుంచి జుపీ అనే 15 ఏళ్ళ గొర్రెల కాపరి వచ్చాడు. పిచ్చికుక్క చిన్నపిల్లల మీదకు వస్తుంటే అడ్డుపడి, కొరడా తాడుతో దాని నోరు కట్టి, కాలి చెక్కజోడుతో కొట్టి చంపాడు. రెండు చేతులా కాట్లు పడ్డాయి. ఆరు రోజులు గడిచాక మందు మొదలుపెట్టినా బతికాడు. కుక్కతో పెనుగులాడుతున్న ఆ కుర్రవాడి విగ్రహం నేటికీ పారిస్‌లో ఆ సంస్థ ఆవరణలో ఉంది.

ముప్ఫై ఏడు రోజుల ఆలస్యం

నవంబరులో లూయీజ్ పెల్లెత్యే అనే పదేళ్ళ పాపను తీసుకువచ్చారు. తలమీద కాటు. కరిచి 37 రోజులయింది. ఇంత ఆలస్యమయ్యాక మందు పనిచేయకపోవచ్చునని పాశ్చర్‌కు తెలుసు. పాప పోతే తన మందును తప్పుపట్టేవారు కాచుకుని ఉన్నారనీ తెలుసు. అయినా తల్లిదండ్రులకు లేదని చెప్పలేక మందు వేయించాడు. నవంబరు చివరలో జబ్బు బయటపడింది. డిసెంబరు మొదట్లో ఆ పాప చనిపోయింది. ఆఖరు గంటలలో పాశ్చర్ ఆమె మంచం పక్కనే ఉన్నాడు.

1886 మార్చి 1 నాటికి 350 మందికి మందు వేస్తే పోయింది ఆ పాప ఒక్కతే. అదే నెలలో రష్యా దేశం నుంచి 19 మంది పల్లెవాసులు వచ్చారు. వాళ్ళను కరిచింది పిచ్చితోడేలు. కరిచాక అప్పటికే దాదాపు రెండు వారాలు గడిచిపోయాయి. ముగ్గురు పోయారు, 16 మంది బతికి ఇళ్ళకు వెళ్ళారు. రష్యా చక్రవర్తి పారిస్‌లో సంస్థ కట్టడానికి లక్ష ఫ్రాంకులు పంపాడు.

కాటుకూ జబ్బుకూ మధ్య వ్యవధి ఉండటమే ఈ మందుకు ప్రాణం. గాయంలో పడిన వైరస్ నరాల వెంట మెల్లగా మెదడుకు ప్రయాణం చేస్తుంది. ఎక్కువమందిలో నెల నుంచి మూడు నెలలు పడుతుంది. ముఖం మీద, తలమీద, చేతివేళ్ళ మీద కాటు పడితే ఇంకా తొందరగా చేరుతుంది. అది మెదడు చేరేలోగా టీకా శరీరాన్ని సిద్ధం చేయాలి. మెదడు చేరి లక్షణాలు కనిపించాక ఇప్పటికీ దాదాపు ఎవరూ బతకరు.

దేశదేశాల విరాళాలతో పాశ్చర్ సంస్థ 1888 నవంబరు 14న పారిస్‌లో తెరిచారు. ఆనాడు పాశ్చర్ ఆరోగ్యం ఎంత చెడిందంటే ఆయన ఉపన్యాసాన్ని కొడుకు చదవవలసి వచ్చింది. 1895 సెప్టెంబరు 28న, తన కుక్కల శాల ఉన్న విల్‌నవ్ లెతాన్‌లోనే ఆయన కన్నుమూశాడు. ఆ తేదీని ప్రపంచ రేబిస్ దినంగా జరుపుతున్నారు.

మన దగ్గరకు వచ్చిన తీరు

మన దేశంలో మొదటి పాశ్చర్ సంస్థ 1900లో హిమాలయాల దిగువన కసౌలీలో పెట్టారు. దక్షిణాది నుంచి అక్కడికి రైలులో చేరేసరికే రోజులు గడిచిపోయేవి. 1907లో నీలగిరి కొండలలోని కూనూరులో మరో సంస్థ వచ్చింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివి. కుక్క కరిచిన మన తెలుగువారికీ దగ్గరలో దిక్కు కూనూరే.

కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే వైద్యుడు 1911లో గొర్రె మెదడు నుంచి తీసిన మందు తెచ్చాడు. పొట్టమీద రోజుకొకటి చొప్పున వేసే సూదులు అవే. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటే భయపడి పారిపోయినవారు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. ఆ మందు తయారీ మన దేశంలో 2004 చివరితో ఆగిపోయింది. ఇప్పటి టీకా చేతికే వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మంలో వేసే పద్ధతిలో నాలుగుసార్లు వెళ్తే చాలు. మొదటి రోజు, ఆ తరువాత 3వ, 7వ, 28వ రోజు. ఖర్చు లేదు. గర్భిణులూ, పసిపిల్లలూ వేయించుకోవచ్చు. పొట్ట సూదుల కాలం పోయి ఇరవై ఏళ్ళయినా, ఆ భయంతోనే పసరు మందుకు పోయేవారు ఇంకా ఉన్నారు.

కరిచినప్పుడు, కరవకముందు

కుక్క గాని పిల్లి గాని కరిచినా, గీరి రక్తం వచ్చినా, గాయాన్ని వెంటనే ధారగా పడే నీళ్ళ కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. సబ్బు ఆ వైరస్‌ను చాలావరకు చంపుతుంది. కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు పెట్టకూడదు. గుడ్డ బిగించి కట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. గాయం లోతుగా ఉంటే టీకాతోపాటు గాయంలోనూ చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా కావాలి. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి. కాని అది బతికుందా చచ్చిందా చూసి సూది వేయించుకుందామని ఆగకూడదు. సూది మొదలుపెట్టి గమనించాలి.

పిచ్చి పట్టిన కుక్క వీధుల్లో పరుగులు పెడుతుందనే అనుకోకూడదు. కొన్ని కుక్కలు మూల చేరి, దవడ జారి, చొంగ కారుస్తూ మూగగా పడి ఉంటాయి. నీళ్ళు తాగింది కాబట్టి పిచ్చి లేదనడం కూడా పొరపాటు. చిన్న కుక్కపిల్లలకూ ఈ జబ్బు రావచ్చు.

పాడి రైతులు మరో సంగతి గుర్తుంచుకోవాలి. పిచ్చికుక్క కరిచిన ఆవు, గేదె కొన్ని వారాలకు మేత మానుతుంది. చొంగ కారుస్తుంది, గొంతు మారి అదేపనిగా అరుస్తుంది. గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టి చూడటం పల్లెల్లో అలవాటు. ఆ చొంగలోనే వైరస్ ఉంటుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. అలాంటి పశువును ముట్టకుండా పశువైద్యుణ్ణి పిలవాలి. దాని పాలు వాడకూడదు. పశువును కుక్క కరవడం కళ్ళారా చూస్తే, లక్షణాలు వచ్చేదాకా ఆగకుండా గాయం కడిగించి, పశువుల ఆసుపత్రిలో టీకా వరుస వేయించాలి.

ఈ జబ్బుతో పోయే మనుషులలో నూటికి 99 మందికి అది కుక్క నుంచే వస్తున్నది. ఊళ్ళో నూటికి 70 కుక్కలకు టీకా ఉంటే ఆ ఊళ్ళో జబ్బు నిలవదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పెంపుడు కుక్కకు మూడో నెలలో మొదటి టీకా, నెల తరువాత మరొకటి, ఆపైన ఏడాదికొకటి వేయించాలి. పిల్లికీ ఇలాగే. వాకిట్లో పడి ఉండి ఇంత అన్నం తినే ఊరకుక్క కూడా ఆ ఇంటి పిల్లల మధ్యనే తిరుగుతుంది. దానికీ వేయించాలి. ఏ తేదీన వేయించాలో పశువుల ఆసుపత్రిలో ఇచ్చే కార్డు మీద రాసి ఉంటుంది.

పాశ్చర్ కాలంలో ఈ మందు కోసం రష్యా పల్లెవాళ్ళు దేశాలు దాటి వెళ్ళారు. ఇప్పుడు అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంది. కుక్కకు వేసే టీకా పశువుల ఆసుపత్రిలో ఉంది. మనిషికి కరిచిన రోజే వేయించాలి, కుక్కకు కరవకముందే వేయించాలి.